ఒంటి కడియానికి జత

1982 ఎండాకాలం. నంద్యాల చౌక్ వెనక సందులో మాదొక వెండి అంగడి. ముందు భాగంలో మా ఆయన త్రాసు దగ్గర కూర్చుని కొత్త వెండి అమ్మేవాడు. వెనక గదిలో పాత వెండి వ్యవహారమంతా నాది. మా ఆయనకు మాట తక్కువ, నాకు ఎక్కువ. అంగడి నడవాలంటే ఇద్దరమూ కావలసిందే.

పాత వెండి కోసం నేను ఊళ్ళు తిరిగేదాన్ని. ప్యాపిలి వైపు సుగాలి తండాలు, ఇటు కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ, రుద్రవరం పల్లెలు. ఆడదానివి, బస్సులు పట్టుకుని వెండి మూటలతో తిరగడమేమిటని మా బంధువులు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ అనుకున్నాను. ఆడవాళ్ళ నగ పెట్టెలోంచి బయటికి రావాలంటే ఆడమనిషే పోవాలి. మగ వ్యాపారి వస్తే వసారాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి పంపేస్తారు. నేను వంటింట్లో పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంటే, కాసేపటికి పెట్టె మూత దానంతటదే లేస్తుంది.

చదివేవాళ్ళకు మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. పాత వెండి చేతికి రాగానే మొదట చూసేది టచ్. అంటే గీటురాయి మీద గీసి, ఎంత స్వచ్ఛమైన వెండో అంచనా కట్టడం. తర్వాత దానికి రెండే దారులు. ఒకటి మెల్టింగ్, కరిగించి ముద్ద చేయడం. రెండోది పీస్, అంటే వస్తువును వస్తువుగానే అమ్మడం. పీస్ కొనేవాళ్ళు మన ఊళ్ళలో ఉండరు. నాకు బొంబాయిలో ఒక సేటు ఉండేవాడు. సుగాలి వాళ్ళ వెండి గొలుసులు, గుబ్బల కమ్మలు, పాత కడియాలు ఏవి పంపినా తీసుకుని విదేశాలవాళ్ళకు అమ్మేవాడు.

ఆ ఏడాది మొదట్లో బొంబాయి పోయినప్పుడు సేటు ఒక ట్రంకు పెట్టె తెరిచి చూపించాడు. అలాంటి వెండి నేను అంతవరకు చూడలేదు. ఆఫ్ఘనిస్తాన్‌లో యుద్ధం వచ్చి జనం కొంపలు వదిలి పారిపోతుంటే, వాళ్ళ నగలు చేతులు మారి బొంబాయి దాకా వస్తున్నాయట. అందులో తుర్కమెన్ తెగల నగలు వేరే సంచిలో పెట్టాడు. ఆఫ్ఘనిస్తాన్‌కు అవతల ఎడారుల్లో గుర్రాలతో, గుడారాలతో బతికే వాళ్ళట. ఆడవాళ్ళు తల నుంచి నడుము దాకా వెండే వేసుకుంటారట. దిట్టమైన వెండి, దాని మీద చెక్కిన తీగల్లో బంగారు పూత, మధ్యమధ్య ఎర్రటి రాళ్ళు. ఆ రాయిని వ్యాపారంలో కార్నీలియన్ అంటారు, మన ముస్లిం ఇళ్ళలో అకీక్ అంటారు. నన్ను వదలకుండా కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. వీటిని రుద్దకూడదు, కుంకుడు నురగ పెట్టకూడదు, బంగారు పూత పోతుంది. నల్లబడ్డ రంగును పాటినా అంటారు, కొనేవాడు ఆ నలుపుకే డబ్బు ఇస్తాడు. చేతి కడియాలైతే రెండు చేతులకూ వేస్తారు కాబట్టి పెయిర్, అంటే జత, తప్పనిసరి. “ఒంటిది నాకు పంపొద్దు, కరిగించుకో” అన్నాడు.

ఇవి మా నంద్యాలలో ఎక్కడ దొరుకుతాయి సేట్‌జీ, అని నవ్వాను. ఆయనా నవ్వాడు.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ముప్పై ఏళ్ళ లోపు మనిషి ఒకడు అంగడికొచ్చాడు. పేరు దస్తగిరి. ఆళ్ళగడ్డలో ఎవరి దగ్గరో సైకిళ్ళు బాగుచేసే పని. చేతిరుమాలు విప్పి ఒక వస్తువు నా ముందు పెట్టాడు.

“అక్కా, ఇది వెండేనా, సత్తేనా చూడు.”

వెలుతురు వైపు తిప్పి చూశాను. బెత్తెడు వెడల్పు చేతి కడియం. వెనక వైపు చేయి దూర్చుకోవడానికి సందు. అంచుల వెంట రంపం పళ్ళు. వరసలుగా ఎర్ర రాళ్ళు, వాటి చుట్టూ తీగల్లో ఇంకా మిగిలిన బంగారు పూత. బొంబాయి ట్రంకులో చూసిన తుర్కమెన్ కడియమే. నలుపు కూడా చెడలేదు.

“యాడిదప్పా ఇది?”

“మా అమ్మది. మా నాయన తాతకు తాత ఎవురో గుర్రాలు తోలకచ్చి అమ్మేటోడంట. కాబూలుకు అవతలినించి వచ్చినాడని చెప్తారు. మమ్మల్ని ఇప్పటికీ గుర్రాలోళ్ళనే అంటారు. ఆయప్ప పెండ్లాం చేతివంట ఇవి.”

“ఇవి అంటివే. జత ఏదీ?”

తల వంచుకున్నాడు. “జత లేదక్కా. కరిగిస్తే ఏమొస్తాదో చెప్పు. సొంతంగా అంగడి పెట్టుకోవల్లని ఉండాది.”

“కరిగిస్తే గాలి కొట్టే పంపు వస్తాది, అంగడి రాదు. జత తెచ్చినావంటే అంగడీ వస్తాది, దానికి బోర్డూ వస్తాది.”

“జత సంగతి మా అమ్మను అడగల్ల. నేనడిగితే కొడతాది.”

మీసాలొచ్చిన మనిషి ఆ మాట అంటుంటే నవ్వొచ్చింది గానీ, వాడు నవ్వలేదు. కడియం వాడి చేతికే తిరిగిచ్చి, మరునాడు నేనే ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

వాళ్ళిల్లు శిల్పాలు చెక్కే కొట్టాల వెనక వీధిలో. పొద్దంతా ఉలి చప్పుడే. దస్తగిరి తల్లి మహబూబ్‌బీ అరవై దాటిన మనిషి, ఎండిన చెరకు గడలా నిటారుగా ఉండేది. టీ ఇచ్చింది. కడియం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. జత ఏదీ అని అడగ్గానే ముఖం మాడ్చుకుంది.

“నా తోడికోడలు కాడుండాది. దాని పేరు ఈ ఇంట్లో ఎత్తగూడదు.”

ఎత్తకూడదని చెప్పి, మళ్ళీ ఆమే గంటసేపు ఎత్తింది. నేను ఊకొడుతూ కూర్చున్నాను. తోడికోడలు పేరు చాంద్‌బీ. అత్తగారు పోయేముందు పెద్ద కోడలికొక కడియం, చిన్న కోడలికొక కడియం ఇచ్చి పోయింది. తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డారు, నడివాకిట్లో గోడ లేచింది. గోడ లేచిన చోట మాటలు కూడా లేచాయి. ఆ మాటల్లో ఎవరేమన్నారో మహబూబ్‌బీకి గుర్తులేదు. ఆమెకు గుర్తున్నది ఒక్కటే. దస్తగిరి మూడేళ్ళ వాడప్పుడు విషజ్వరం వచ్చింది. డాక్టరు పెదవి విరిచాడు. ఊరంతా వచ్చి చూసిపోయింది.

“అది మాత్రం రాలేదు. గోడకు ఆ పక్కనే ఉండాది. కబురు కూడా పంపినా. రాలేదు. బిడ్డ సచ్చినా నాకేమిలే అనుకున్న్యాది. తర్వాత పుట్టింటి ఊరికి, ఆ రుద్రవరం పక్కకు, కాపురం ఎత్తుకోని పోయిరి. దాని మొగుడు పోయినప్పుడు నేనూ పోలేదు. సమానం చేసినా.”

“ఆమెకు పిల్లలు?”

“లేరు.”

ఆ ఒక్క మాట దగ్గర ఆమె గొంతు తగ్గింది. నేను గమనించాను గానీ, నా బుర్రంతా జత మీదే ఉంది. ఉన్న మాట చెప్పాలి కదా, ఆ రోజు నాకు వాళ్ళ గోడా పట్టలేదు, గొడవా పట్టలేదు. మా వ్యాపారంలో అదొక దురద. సగం దొరికిన వస్తువుకు మిగతా సగం దొరికేదాకా నిద్ర పట్టదు.

“నేను పోయి అడుగుతా. మీ ఇద్దరూ మాట్లాడుకోబన్లేదు. ఎవురి భాగం వాళ్ళకు ఇప్పిస్తా” అన్నాను.

“పో. అది ఎప్పుడో అమ్ముకోని తినింటాది” అంది మహబూబ్‌బీ.

చాంద్‌బీ ఊరు రుద్రవరం నుంచి ఇంకా లోపలికి. ఎడ్లబండి దొరికితే బండి, లేకుంటే నడక. ఆమె ఇల్లు ఒక్క గది. వాకిట్లో నేల మీద పాత చీరలు పరిచి బొంత కుడుతోంది. కళ్ళు సరిగా కనిపించవు. సూదిలో దారం ఎక్కించుకోవడానికి దారిన పోయేవాళ్ళను పిలుస్తుందట. ఆ ఎండాకాలమే నీళ్ళకు పోయి జారిపడి నడుము పట్టేసింది. బిందెడు నీళ్ళు పక్కింటామె తెచ్చి పోస్తోంది. ఆ పక్కింటామె నన్ను వీధిలోనే ఆపి చెప్పింది: “ఎవురమ్మా నువ్వు, బంధువులా? ఉంటే తొందరగా తీసకపోండి. ఒక రాత్రి పానం పోయినా తెల్లారేదాకా ఎవురికీ తెల్దు.”

బంధువును కానని చెప్పడానికి నాకు సిగ్గేసింది, ఎందుకో.

చాంద్‌బీ పక్కన కూర్చుని ముందు దారం ఎక్కించి ఇచ్చాను. తర్వాత నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పాను. ఆళ్ళగడ్డ అనగానే ఆమె చేతిలో సూది ఆగింది.

“కడియం నా కాడ లేదమ్మా. పీరుకిచ్చేసినా.”

“పీరుకా?”

“మా ఊరి పీరుకు. ఎప్పుడో.”

నా ఆశ అక్కడికక్కడే చల్లారింది. పీరంటే మొహర్రానికి ఊరేగించే లోహపు పంజా, దాని మీద కట్టిన వస్తువు నేను కొనను. పీరనే కాదు, ఏ దేవుడిదైనా సరే, కొనను. మా ఆయన కూడా త్రాసులో వేయడు. లేచి పోదామనుకున్నాను. అప్పుడు ఇంకో సంగతి గుర్తుకొచ్చి మళ్ళీ కూర్చున్నాను.

ఆ పక్క పల్లెల్లో పీర్ల మొక్కులకు ఒక పద్ధతి ఉంది. హిందువులైనా, ముస్లింలైనా అంతే. తన ఒంటి బాగుకు మొక్కుకుంటే దట్టీ కడతారు, అంటే పీరుకు చుట్టే రంగు బట్ట. పంటకు మొక్కితే చక్కెర చదివిస్తారు. తల్లి చేతి కడియం తీసి కట్టేది ఒక్క బిడ్డ ప్రాణం కోసమే. ఊళ్ళు తిరిగేదాన్ని కాబట్టి నాకు తెలుసు. పీరు మీద కడియం కనిపిస్తే, ఏ తల్లో బిడ్డను దక్కించుకుందని అర్థం. ఈమెకేమో బిడ్డల్లేరు.

నాకు నోటి తొందర. అడిగేశాను. “ఎవురి బిడ్డకమ్మా కట్టినావు?”

“మొక్కు ఎవురికో బయట పెట్టగూడదు. ఫలం పోతాది.”

“దస్తగిరికేనా?”

ఆమె సూదిని బొంతకు గుచ్చింది. బొంత మీద చేయి ఆనించి, కనిపించని కళ్ళతో నా వైపు తిరిగింది.

“వాడు బాగుండాడా?” అని అడిగింది.

 బాగున్నాడని, మీసాలు పెంచాడని, సైకిల్ అంగడి పెట్టాలనుకుంటున్నాడని చెప్పాను. ఆమె అన్నీ విని తల ఊపింది. మీసాల దగ్గర నవ్వింది.

“మరి ఆ పొద్దు ఎందుకు పోలేదమ్మా? గోడ పక్కనే ఉండి పిలిస్తే పోలేదని ఆమె కడుపు మండిపోతాంది ఇప్పటికీ.”

“పోకేం, పోయినా. వాకిలి దాకా పోయినా. గోడ కట్టే పొద్దు పదిమందిలో అది నన్నో మాటన్న్యాది. గొడ్రాలా, నీ నీడ నా బిడ్డ మీద పడనీయొద్దు అని. కోపంలో అన్న్యాదిలే. కానీ బిడ్డ ఆ గతిలో ఉండాడు. నిజంగానే నా నీడ పడి ఏమన్నా అయితే? గడప కాడ్నించే తిరుక్కున్నా. నాకు తోచింది చేసినా.”

“ఇన్నేండ్లూ చెప్పకుంటివే.”

“చెప్తే మొక్కు చెడతాది. వాడు బతికి ఉండాడు గదా, ఇంకేం గావల్ల. నువ్వు కూడా ఆ మాట ఎత్తగూడదు. నీ బిడ్డల మీద ఒట్టు.”

ఒట్టు పెట్టించుకుంది. నేను పెట్టాను. తిరుగుబస్సులో నాకు ఒకరి మీద కోపమా, ఇద్దరి మీదా కోపమా తేలలేదు. ఒక్క మాట నోటి నుంచి జారితే ఇద్దరాడవాళ్ళు పాతికేళ్ళు ఎండిపోయారు. ఒకామె ఆ మాట అన్నానన్న సంగతే మరిచిపోయింది. ఇంకొకామె దాన్ని అక్షరం పోకుండా దాచుకుంది. ఆ పక్కింటామె అన్నట్టు ఒక రాత్రి ఈమె ప్రాణం పోతే, మహబూబ్‌బీ ఆ కోపంతోనే మిగిలిపోతుంది. దస్తగిరికి తన ప్రాణం ఎవరు అడుక్కొచ్చారో ఎప్పటికీ తెలియదు. నేనేమో చెప్పకూడదు. నాలాంటి దాని నోటికి ఒట్టు పెట్టడమంటే మామూలు శిక్ష కాదు.

మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆయనే అడిగాడు, జత దొరికిందా అని. దొరికింది గానీ కొనేది కాదన్నాను. సరేలే అని తన పని తాను చూసుకున్నాడు.

దస్తగిరి రెండుసార్లు వచ్చి అడిగిపోయాడు, కరిగిస్తారా లేదా అని. ఏదో ఒకటి చెప్పి వాయిదా వేశాను. ఆలోచించగా ఆలోచించగా ఒకటి తట్టింది. నేను చెప్పకూడదు. ఆమె చూడకూడదని ఎవరూ ఒట్టు పెట్టలేదు కదా.

పీర్లు ఏడాది పొడుగునా పెట్టెలో ఉంటాయి. పీర్ల పండగకే బయటికొస్తాయి. ఆ ఏడు శనగ విత్తే రోజుల్లో వచ్చింది పండగ. చివరి రోజు పొద్దున పీర్లు ఊరు తిరిగి నీళ్ళకు పోతాయి. ముందు రోజే ఆళ్ళగడ్డ పోయి మహబూబ్‌బీతో చెప్పాను.

“నీ కడియం జత యాడుండాదో కనుక్కున్నా. అదే ఇదని నువ్వు గుర్తుపట్టి చెప్తే గానీ నేను బేరం మాట్లాడలేను.”

“యాడుండాది?”

“వాళ్ళ ఊళ్ళోనే. ఎవురి చేతిలో ఉండాదో వచ్చి చూడు.”

“అనుకున్న్యా. అమ్ముకున్న్యాది. అత్త ఇచ్చిన సొమ్ము అమ్ముకున్న్యాది.” మహబూబ్‌బీ కళ్ళు వెలిగాయి. “వస్తా. పదిమందిలో నిలేసి అడుగుతా.”

మంచితనంతో రమ్మంటే వచ్చేది కాదు. పంతానికి వచ్చింది. కడియాన్ని కొంగున ముడేసుకుని, పొద్దున మొదటి బస్సుకే బయలుదేరింది. దస్తగిరిని కూడా రమ్మన్నాను. దారి పొడుగునా ఆమె ఏమని అడగాలో మాటలు కూర్చుకుంటూనే ఉంది, మధ్యమధ్య నన్నూ సలహా అడిగింది. నేను కిటికీలోంచి శనగ విత్తుతున్న చేలు చూస్తూ కూర్చున్నాను.

మేం పోయేసరికి తప్పెట్లు మోగుతున్నాయి. పీర్ల సావిడి నుంచి పీరు బయటికి వస్తోంది. రంగురంగుల దట్టీలు, పూల దండలు. ఎత్తుకున్న మనిషి కాళ్ళ మీద ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు పోస్తున్నారు. రెడ్ల ఇళ్ళ ఆడవాళ్ళు, కురవోళ్ళ ఆడవాళ్ళు, ముస్లిం ఆడవాళ్ళు అందరూ కలిసిపోయి ఉన్నారు. పీరు మా ముందుకు వచ్చి ఆగింది. దట్టీల మధ్య, పీరు ముఖానికి కాస్త కింద, బెత్తెడు వెడల్పు కడియం. ఎర్ర రాళ్ళు, రంపం పళ్ళ అంచు.

మహబూబ్‌బీ చూసింది. కొంగు ముడి మీదికి చేయి పోయింది.  పక్కన ఊదు పొగ వేస్తున్న ముజావరును, అంటే పీర్లను చూసుకునే పెద్దాయనను, అడిగింది.

“ఆ కడియం ఎవురిదప్పా?”

“మొక్కినోళ్ళ పేరు మేం చెప్పగూడదమ్మా. యా తల్లిదో. బిడ్డ పానానికి కట్టిన్యాది.”

“ఎప్పుడు కట్టిన్యారు?”

“మా నాయన కాలంలో. చానా ఏండ్లాయ. జ్వరాలొచ్చి బిడ్డలు పోయిన ఏడు.”

పీరు ముందుకు సాగింది. జనం దాని వెంట పోయారు. మహబూబ్‌బీ నిలబడ్డ చోటే నిలబడింది. కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. నా వైపు తిరిగి నెమ్మదిగా అంది.

“దానికి బిడ్డల్లేరు రత్నమ్మా.”

నేను పెదవి కొరుక్కుని నిలబడ్డాను. నా జన్మలో అంత కష్టపడి నోరు మూసుకున్నది లేదు.

ఆమె కొడుకు వైపు చూసింది. దస్తగిరి తలకు రుమాలు కట్టుకుని, పీరు పోయిన దారి వైపే చూస్తున్నాడు. తల నుంచి కాళ్ళ దాకా వాణ్ణి ఎప్పుడూ చూడనట్టు చూసింది.

“దాని ఇల్లు యాడ?” అని నన్నడిగింది.

చాంద్‌బీ నడుము నొప్పితో పండగకు పోలేక వాకిట్లోనే గోడకానుకుని కూర్చుంది. అడుగుల చప్పుడు విని ఎవరని అడిగింది. మహబూబ్‌బీ గడప ముందు ఆగిపోయింది. లోపలికి కాలు పెట్టలేదు.

“నేను.”

గొంతు గుర్తుపట్టడానికి చాంద్‌బీకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. గోడ పట్టుకుని లేవబోయింది, లేవలేక మళ్ళీ కూలబడింది.

“బయటే నిలబడితివేం” అంది.

“ఆ పొద్దు నువ్వూ బయట్నించే పోయింటావు గదా” అంది మహబూబ్‌బీ.

చాంద్‌బీ ముఖం నా వైపు తిరిగింది. “నేను చెప్పలేదమ్మా” అన్నాను, నిజమే చెప్పాను.

“ఆయమ్మ చెప్పలేదు. నేనే అనుకున్న్యా” అంది మహబూబ్‌బీ. “నా బిడ్డ కోసం చేతి కడియం తీసి కట్టినదానివి, ఇంటి దాకా రాకుండా ఉంటావా. వచ్చింటావు. ఎందుకే లోపలికి రాలేదు?”

“నువ్వన్న మాట గుర్తొచ్చింది.”

“యా మాట?”

చాంద్‌బీ కుట్టిన బొంత అంచును వేళ్ళతో తడుముతూ, “పోనీలే, పాతది. ఇప్పుడెందుకు” అంది. నాకు చెప్పిన మాటే. ఎదురుగా ఆ మాట అన్న మనిషి నిలబడి అడుగుతుంటే మాత్రం చెప్పలేదు. ఆమె మనసు ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది.

మహబూబ్‌బీ గడప మీద చేయి పెట్టి తల వంచుకుంది. ఎంతసేపు వెతుక్కుందో ఆ పాతికేళ్ళ కింది మాటను. దొరికినట్టుంది. అక్కడే గడప మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. చాంద్‌బీ నేల మీద పాక్కుంటూ వచ్చి ఆమె వీపు మీద చేయి వేసింది. దస్తగిరి వీధిలో నిలబడి అటు తిరిగిపోయాడు. నేనూ ఏడ్చాను, చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

కాసేపటికి మహబూబ్‌బీ కళ్ళు తుడుచుకుని కొంగు ముడి విప్పింది. “చేయి ఇట్లియ్” అంది. చాంద్‌బీ వద్దంది. ఆమె వినే మనిషా. చేయి లాక్కుని కడియం తొడిగింది. చాంద్‌బీ చేతుల్లో ఎముకలు తప్ప ఏమున్నాయి. కడియం మోచేతి దాకా జారిపోయింది. చేయి కిందికి దించితే మణికట్టు దాటి కింద పడింది. మహబూబ్‌బీ దాన్ని తీసి నా చేతిలో పెట్టింది.

“నీకు తెల్సు గదా పని. దాని చేతికి సరిపొయ్యేట్లు నొక్కు.”

నేను వెనకాడాను. పాత వెండి వయసు పెరిగేకొద్దీ పెళుసు బారుతుంది. వంచితే బీట వస్తుంది. బీట వచ్చిన పీస్‌ను మా వ్యాపారంలో డామేజ్ అంటారు, సగం ధర కూడా రాదు. ఇలాంటి వస్తువును చేత్తో నొక్కడం నేనెన్నడూ చేయలేదు, ఎవరైనా చేస్తే తిట్టేదాన్ని. దస్తగిరి వైపు చూశాను. వాడి అంగడి ఇందులో ఉంది.

“అమ్ముకునేదైతే పగుల్తాదప్పా” అన్నాను.

“నా పానం దాని జతలో ఉండాదంట గదక్కా. దీన్ని యాడ అమ్మను” అన్నాడు. “నొక్కు. అంగడి యెనకెప్పుడన్నా పెట్టుకుంటా.”

చాంద్‌బీ మణికట్టు మీద పెట్టి, రెండు బొటనవేళ్ళతో నెమ్మదిగా నొక్కాను. సందు దగ్గర టిక్కుమంది. లోపలి వైపు వెంట్రుక పాటి బీట. చాంద్‌బీ చేయి ఊపి చూసుకుంది, జారలేదు. ఎర్ర రాళ్ళను వేళ్ళతో తడిమి, “అత్త చేతి వాసన ఉండాది ఇంకా” అంది. నాకు మాత్రం ఆ టిక్కుమన్న చప్పుడు బాగుంది. అంత మంచి పీస్ నా చేతుల్లో చెడిపోయినందుకు ఇప్పటికీ బాధ లేదు.

మహబూబ్‌బీ ఆ రోజు మాతో తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు దస్తగిరి బండి కట్టుకుని పోయి, ఇద్దరినీ ఆళ్ళగడ్డకు తెచ్చుకున్నాడు. సగం కుట్టిన బొంతలు కూడా బండిలో వేయనిస్తేనే వస్తానని చాంద్‌బీ పేచీ పెట్టిందట. తర్వాత ఎప్పుడు వాళ్ళింటికి పోయినా, ఒకామె దారం ఎక్కిస్తుంటే ఇంకొకామె కుడుతూ, ఇద్దరూ దేనికో ఒకదానికి పోట్లాడుకుంటూ కనిపించేవాళ్ళు. బొంబాయి సేటుకు జరిగింది చెబితే తల పట్టుకున్నాడు. జతలో ఒకటి పీరు మీద, రెండోది ముసలామె చేతి మీద వదిలేసి వస్తావా, నువ్వేం వ్యాపారివని తిట్టాడు. తిట్టనిచ్చాను.

చాంద్‌బీ నాలుగేళ్ళు బతికింది. ఆమె పోయాక ఒకరోజు దస్తగిరి మళ్ళీ అదే చేతిరుమాలు విప్పి, బీట పడ్డ కడియం నా ముందు పెట్టాడు. అప్పటికి వాడికి సొంత అంగడి ఉంది, చిన్నదే. మా ఆయన త్రాసు దగ్గరికి తీశాడు.

“తూకం వద్దు, అన్నా” అన్నాడు దస్తగిరి. “అక్కా, మా అమ్మ చేయి సన్నబడిపోయింది. ఇంగ కొంచెం నొక్కల్ల.”

నా వ్యాపారంలో అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్నో జతలు కలిపాను, మంచి ధరలకు అమ్మాను. ఒంటి కడియం ఎవరు తెచ్చినా జత ఏదని ఇప్పటికీ మొదట అదే అడుగుతాను. అంతకు ముందు ధర కోసం అడిగేదాన్ని. ఇప్పుడు, అది ఎవరి దగ్గర ఉందో, వాళ్ళతో వీళ్ళకు మాటలున్నాయో లేదో కనుక్కునేదాకా కరిగించే పొయ్యి వెలిగించను.